మమ్మల్ని అడక్కుండా మా అప్‌డేట్లు ఆపకండి: గోదావరి డెల్టా కంప్యూటర్ షాపుల వారికి బహిరంగ లేఖ

ఉభయ గోదావరి, కోనసీమ ప్రాంతాల్లో కంప్యూటర్ సేల్స్ అండ్ సర్వీసు షాపులు నడుపుతున్నవారికి, ఇళ్లకొచ్చి రిపేర్లు చేసే టెక్నీషియన్లకు,

నమస్కారం.

మీరు లేకపోతే మా ఇళ్లలో కంప్యూటర్లు నడవవు. కంపెనీ కస్టమర్ కేర్ వాళ్లు చేతులెత్తేసిన పనిని రాత్రిపూట బండేసుకొచ్చి మరీ చేసిపెట్టేది మీరే. ఆ మాట ముందు చెప్పి, విషయానికి వస్తున్నాను.

ఫార్మాట్‌కని మీ దగ్గర ఇచ్చిన కంప్యూటర్ గానీ, మీరు కొత్తగా అసెంబుల్ చేసిచ్చింది గానీ ఇంటికి వచ్చేసరికి అందులో విండోస్ అప్‌డేట్లు ఆగిపోయి ఉంటున్నాయి. అందరూ ఇలా చేస్తున్నారని అనను, చాలామంది చేస్తున్నారు. ఆపేశామని చెప్పరు, బిల్లు మీద రాయరు, మళ్లీ ఎలా ఆన్ చేసుకోవాలో చూపించరు. కంప్యూటర్ కొనుక్కున్నవాడికి తన కంప్యూటర్లో జరిగిన అతి ముఖ్యమైన మార్పు తెలియకుండానే ఏళ్లు గడిచిపోతున్నాయి.

ఈ సంగతి మీలో కొందరితో షాపులోనే నిలబడి మాట్లాడాం. "అప్‌డేట్లు పెడితే సిస్టం స్లో అయిపోద్దండి, మళ్లీ మీరే వచ్చి మమ్మల్ని తిడతారు" అన్నారొకరు. "అయ్యన్నీ పెద్ద పెద్ద కంపెనీలకండీ, మనకెందుకు" అని నవ్వేశారు ఇంకొకరు. వాట్సాప్‌లో రాస్తే రెండు నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. అందుకని అందరికీ కలిపి ఇలా రాయాల్సి వచ్చింది.

నేను టెక్నీషియన్ని కాదు. అమలాపురంలో ఇంటి దగ్గరే కూర్చుని కొబ్బరి, ధాన్యం, రొయ్యల మేత వ్యాపారుల లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. లెక్కల పని మీద నలుగురి ఇళ్లకీ వెళ్లడం వల్ల నలుగురి కంప్యూటర్లూ చూస్తుంటాను.

మొన్న సంక్రాంతి ముందు అంబాజీపేట వైపు ఒక కొబ్బరి వ్యాపారి ఇంట్లో చూసింది చెబుతాను. ఫార్మాట్ చేయించి తెచ్చిన డెస్క్‌టాప్. పక్కనే కాటా చీటీల కట్ట, దాని మీద కాలిక్యులేటర్. సెట్టింగ్స్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే పైన ఎర్రక్షరాలతో ఒక లైను: ఈ సెట్టింగులు కొన్నింటిని మీ సంస్థ నిర్వహిస్తోంది అని. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివించుకుని, "ఏ సంస్థమ్మా? మాది కమిషన్ కొట్టు కదా" అన్నారు. పెద్ద ఆఫీసుల్లో ఐటీ శాఖ వాళ్లు వాడే పాలసీని షాపు కుర్రాడు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోట, పెట్టేస్తే వచ్చే లైను అది. సర్వీసుల జాబితా తీస్తే విండోస్ అప్‌డేట్ ఎదురుగా డిసేబుల్డ్ అని ఉంది. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లోకి వెళ్తే మినహాయింపుల కింద సి డ్రైవ్ మొత్తం రాసి ఉంది. అంటే కాపలావాడిని పెట్టి, ఇల్లు తప్ప మిగతాదంతా చూసుకోమన్నారన్నమాట. ఆ కంప్యూటర్లోనే ఆయన బ్యాంకు లావాదేవీలన్నీ చేసుకుంటారు.

అప్‌డేట్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ లేఖ చదివే మిగతావారి కోసం రెండు ముక్కలు. విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా అప్‌డేట్లు ఇస్తోంది. అమెరికా పశ్చిమ తీరంలో వాళ్లు ఉదయం పదింటికి వదిలితే మనకి రాత్రి పదిన్నర, వాళ్ల చలికాలంలో పదకొండున్నర. కాబట్టి మన కంప్యూటర్లు వాటిని చూసేది బుధవారం పొద్దున్న. ఇవి కాక ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్ వేరు. అందులో కొత్త బటన్లు, కొత్త రూపు, మనం అడగని మార్పులు ఉంటాయి. ఈ రెండూ ఒకటి కావు. పెద్దదాన్ని కొన్ని నెలలు ఆపుకుంటే కొంపలేం మునగవు. నెలవారీ భద్రతా అప్‌డేట్ సంగతి అలా కాదు.

ఎందుకు కాదో గోదారి గట్టు ఎరిగిన మనకి చెప్పడం తేలిక. వరదల ముందు గట్టు మీద ఎలుక బొరియలు వెతికి పూడుస్తారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూసినవాళ్లెవరూ బొరియే కదా అని వదిలెయ్యరు. నెలవారీ భద్రతా అప్‌డేట్ చేసేదీ విండోస్‌లో అలాంటి బొరియలు పూడ్చడమే. కంప్యూటర్లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ నెల ఎక్కడెక్కడ బొరియలు పూడ్చారో లోకమంతా చూస్తుంది, దొంగలూ చూస్తారు. పాత ఫైలునీ కొత్త ఫైలునీ పక్కపక్కన పెట్టి తేడా చూస్తే ఎక్కడ దూరొచ్చో వాళ్లకి అర్థమైపోతుంది. అప్‌డేట్ విడుదలైన రోజు నుంచి, అది పెట్టుకోని కంప్యూటర్ అంతకుముందు రోజు కన్నా ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది.

ఇది ఊహ కాదు. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు, నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి అదే పాకింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. దానికి మందు అంతకు రెండు నెలల ముందే, 2017 మార్చి 14న, మామూలు నెలవారీ అప్‌డేట్‌లో వచ్చేసింది. విండోస్ 7 కంప్యూటర్లే ఎక్కువగా పడిపోయాయి. వాటిలో ఆ మందు పెట్టుకున్నది పడలేదు.

ఇక మీ వైపు మాట. మీరు ఊరికే ఆపడం లేదని నాకు తెలుసు. కారణాలున్నాయి, వాటిలో కొన్ని గట్టివే.

స్లో అవుతుందన్నది పాత హార్డ్‌డిస్కుల మీద నిజం. నాలుగు జీబీల ర్యామ్, తిరిగే డిస్కు ఉన్న కంప్యూటర్లో అప్‌డేట్ దిగుతున్నంతసేపూ డిస్కు నూటికి నూరు చూపిస్తుంది, మౌస్ కూడా కదలదు. అక్కడ జబ్బు డిస్కుది. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ డిస్కు వేస్తే సగం గొడవ తీరిపోతుందని మీకే బాగా తెలుసు, ఆ మాట కస్టమర్‌కి చెప్పి అమ్ముకుంటే మీకూ లాభమే.

కరెంటు సంగతి ఇంకా నిజం. మన ఇళ్లలో ఇన్వర్టర్ కనెక్షను ఫ్యాన్లకీ లైట్లకీ ఉంటుంది, కంప్యూటర్ ప్లగ్గుకి ఉండదు. యూపీఎస్ ఉంటుంది గానీ బ్యాటరీ చచ్చిపోయి, కరెంటు పోగానే ఒక్క కూత కూసి ఆగిపోతుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే చాలాసార్లు విండోస్ తనే వెనక్కి మళ్లి పాత స్థితికి వస్తుంది. ఎప్పుడైనా రాకపోతే ఆ కంప్యూటర్ మీ బల్ల మీదకి వస్తుంది, "నిన్నటిదాకా బాగానే ఉంది" అని కస్టమర్ మీ మీద విరుచుకుపడతాడు, మీరు డబ్బు తీసుకోకుండా చేసివ్వాల్సి వస్తుంది. మీరు అప్‌డేట్లు ఆపడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం. ఆ ఉచిత పని మీకు పడకుండా ఏం చేయాలో కింద రాశాను.

డేటా. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపే ఇళ్లు లంక గ్రామాల్లో ఇప్పటికీ ఉన్నాయి. నెలవారీ అప్‌డేట్ వందల ఎంబీలు, ఒక్కోసారి జీబీ కూడా దాటుతుంది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకున్నవాళ్లకి అది ఆ పూట భోజనం లాక్కున్నట్టే. దీనికి విండోస్‌లోనే మీటర్డ్ కనెక్షన్ అని ఒక మీట ఉంది. దాన్ని వేస్తే చాలావరకు అప్‌డేట్లు అడక్కుండా దిగవు. మీ షాపులోనైతే డెలివరీ ఆప్టిమైజేషన్ వల్ల ఒక కంప్యూటర్లో దిగినదాన్ని పక్క కంప్యూటర్లు పంచుకుంటాయి.

చెడ్డ అప్‌డేట్లు వచ్చిన మాట కూడా వాస్తవమే. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి ఫైళ్లనే చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపేసి, సరిచేసి నవంబరులో మళ్లీ ఇచ్చింది. 2025 అక్టోబరు 14న విండోస్ 11కి వచ్చిన అప్‌డేట్ పెట్టాక రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. వారం తిరక్కుండా సరిదిద్దారు, అదీ ఇంకో అప్‌డేట్ ద్వారానే. మీలో ఒకరు నాతో 2024 జూలై 19 సంగతి ఎత్తారు, విమానాలు ఆగిపోయి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు. అది విండోస్ అప్‌డేట్ కాదండీ. పెద్ద సంస్థలు కొనుక్కునే ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ తన సరుకుకి పంపిన అప్‌డేట్ అది. 85 లక్షల కంప్యూటర్లు పడ్డాయి, నిజమే. మా ఇళ్లలో అది ఉండదు. వీటన్నిటి నుంచి నేర్చుకోవాల్సింది వారం ఆగి పెట్టుకోవాలనీ, ముందు ఫైళ్లు దాచుకోవాలనీ. అసలు పెట్టుకోవద్దన్నది వీటిలో ఎక్కడి నుంచీ రాదు.

చివరి కారణం ఎవరూ బయటికి అనరు. క్రాక్ చేసిన విండోస్, అంటే లైసెన్సు కొనకుండా దొంగదారిలో నడిపేది. అప్‌డేట్ వస్తే యాక్టివేషన్ పోయి తెర మూల మీద "యాక్టివేట్ విండోస్" అని పడుతుందని భయం. ఒరిజినల్ ధర చెబితే "అబ్బే, మామూలుదే వేసెయ్ బాబూ" అనే కస్టమర్లు మీకు రోజూ తగులుతారు, కాబట్టి తప్పంతా మీ మీదే వెయ్యను. కానీ ఆ క్రాక్ నడవడానికి డిఫెండర్‌ని ఆపాలి, దానికి మినహాయింపు ఇవ్వాలి. ఊరూ పేరూ లేని ఆ ఫైలు ఇంకేం చేస్తుందో మీకూ తెలియదు, మాకూ తెలియదు.

ఇప్పుడు, మీరు ఆపేసి పంపిన కంప్యూటర్ల వల్ల మామూలు ఇళ్లలో ఏం జరుగుతోందో రాస్తాను.

1. డబ్బు. పింఛను ఖాతా, పంట డబ్బు, చెరువు లీజు, అన్నీ ఇప్పుడు ఇంటి కంప్యూటర్లోంచే. మనం నొక్కే అక్షరాలను దొంగకి చేరవేసే ప్రోగ్రాం లోపల కూర్చుంటే తెర మీద ఏ గుర్తూ కనిపించదు. ఖాతా ఖాళీ అయ్యాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం, పోలీసు స్టేషన్ చుట్టూ తిరగడం మిగులుతుంది. అప్పుడు మీ షాపు పేరు ఎవరికీ గుర్తుండదు, "నువ్వేదో నొక్కేసుంటావ్" అని ఇంట్లో ముసలాయన్నే అంటారు.

2. ఫోటోలు, కాగితాలు. కోనసీమలో తల్లి కువైట్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగే ఇళ్లు ఎన్నో మీకు తెలుసు. కూతురి ఓణీల ఫంక్షన్ ఫోటోలు, ఆమె అక్కడి నుంచి పంపిన వీడియోలు ఫోన్లో నిండిపోతే ఇంటి కంప్యూటర్లోనే ఎక్కిస్తారు. పాస్‌బుక్ స్కాన్లు, దస్తావేజుల కాపీలు కూడా అందులోనే. ఇంకో కాపీ ఉండదు. ఫైళ్లకు తాళం వేసే వైరస్ వస్తే డబ్బు కట్టినా తాళం తీస్తాడన్న నమ్మకం లేదు. మీ దగ్గరకి తెస్తే మీరూ చేయగలిగింది "ఫార్మాట్ కొట్టేద్దామండి" అనడమే.

3. ఒక ఇంటితో ఆగదు. పిల్లాడు హాల్ టికెట్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జెరాక్స్ షాపుకి వెళ్తాడు. ఆ జెరాక్స్ షాపు కంప్యూటర్ కూడా మీరు అప్‌డేట్లు ఆపిచ్చినదే. అక్కడికి ఊరంతా వస్తుంది.

4. మా వృత్తి. ఒక ఇంట్లో కూర్చుని లెక్కలు రాసే మనిషి కంప్యూటర్లో కొన్ని పదుల కుటుంబాల పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పోర్టల్ పాస్‌వర్డులు ఉంటాయి. సంతకం పెట్టే డిజిటల్ టోకెన్ చాలామంది తీయకుండా వెనకాల గుచ్చే ఉంచుతారు. ఆ ఒక్క కంప్యూటర్ పోతే పోయేది ఒక ఇల్లు కాదు.

5. ఆపి ఆపి ఒక్కసారి పెట్టినప్పటి నరకం. రెండేళ్లు ఆపిన కంప్యూటర్లో, సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మేనల్లుడో ఎవరో అప్‌డేట్లు ఆన్ చేస్తాడు. పాపం పందేల బరి దగ్గర ఉండాల్సిన కుర్రాణ్ణి పట్టుకుని "బాబూ, కాస్త మా కంప్యూటర్ చూడు" అని కూర్చోబెడతాం. అది రోజంతా దిగుతుంది, నాలుగుసార్లు రీస్టార్ట్ అవుతుంది, మధ్యలో ఏదో ఒకటి మొరాయిస్తుంది. అప్పుడు మీరంటారు, "చూశారా, అప్‌డేట్ పెడితే ఇంతేనండి" అని. నెలనెలా పెట్టుకున్న కంప్యూటర్లో అదే పని టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

6. పని చేసే కంప్యూటర్‌ని పారేయడం. పాత విండోస్ మీద ఉండిపోతే కొన్నాళ్లకి బ్రౌజర్ కూడా వదిలేస్తుంది. విండోస్ 7కి క్రోమ్ కొత్త వెర్షన్లు 2023 ఫిబ్రవరి నుంచి రావడం లేదు, 109తోనే ఆగిపోయింది. తర్వాత్తర్వాత బ్యాంకు సైట్లు తెరుచుకోవు. కంప్యూటర్ పాడైందనుకుని కొత్తది కొంటారు.

7. తాళంచెవి మీ దగ్గరుండటం. ఇది అప్‌డేట్లకి ఆనుకుని ఉన్న సంగతే. విండోస్ 11 వేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది కదా అని కొందరు షాపు మెయిల్ ఐడీతోనే అందరికీ లాగిన్ చేసిచ్చేస్తున్నారు. కొత్త వెర్షన్లలో డిస్కు ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా డిస్కుని చదవనివ్వని తాళం, దానంతటదే ఆన్ అవుతుంది, దాని రికవరీ కీ ఆ అకౌంట్లో పడుతుంది. రేపు ఏ బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ తర్వాతో నీలం తెర వచ్చి 48 అంకెల కీ అడిగితే, అది మీ మెయిల్లో ఉంటుంది. మీ కుర్రాడు మానేసి ఆ పాస్‌వర్డు అతనితో పోతే మా డిస్కులో ఉన్నదంతా గోదాట్లో కలిసినట్టే.

విండోస్ 10 సంగతి విడిగా రాయాలి, ఎందుకంటే ఇప్పుడు ఎక్కువ గందరగోళం అక్కడే. దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. తెర మీద ఆ హెచ్చరిక వచ్చిన రోజుల్లో మన జిల్లాల్లో ఎవరూ దాన్ని చదివే స్థితిలో లేరు. ఆ నెల 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఒరిగిన వరి, కూలిన కొబ్బరి చెట్లు, కరెంటు ఎప్పుడొస్తుందోనన్న చింత. ఆ తర్వాత మీ షాపులకి వచ్చినవాళ్లకి మీలో కొందరు చెప్పింది రెండే రెండు మాటలు: "కొత్తది కొనెయ్యండి" అని, లేదంటే "ఏం కాదండి, అలాగే వాడుకోండి" అని.

మధ్యలో దారులున్నాయి. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ పేరుతో ఇంటి కంప్యూటర్లకి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు తీసుకునే వీలు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే రూపాయి ఖర్చు లేదు, లేదా 30 డాలర్లు, లేదా వాళ్ల రివార్డ్స్ పాయింట్లు 1,000. కంప్యూటర్లో విండోస్ 10 ఆఖరి వెర్షన్ అయిన 22హెచ్2 ఉండాలి. మీరు అప్‌డేట్లు ఆపేసిన కంప్యూటర్లో అదే ఉండదు, చిక్కంతా అక్కడొస్తోంది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి ప్రాసెసర్ కావాలి. అడ్డదారిలో పాత ప్రాసెసర్ మీద వేసిచ్చేవాళ్లు, అలాంటి కంప్యూటర్లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదన్న మాట కస్టమర్‌కి చెప్పి తీరాలి. ఇంటర్నెట్, వీడియో కాల్స్, పిల్లల చదువు తప్ప వేరే అవసరం లేని ఇంటికి లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేసివ్వండి. డబ్బు కట్టక్కర్లేదు, క్రాకూ అక్కర్లేదు. వాటికీ అప్‌డేట్లుంటాయి, వాటినీ ఆపకండి మరి.

మేము అడుగుతున్నవి ఇవి.

1. అప్‌డేట్లు ఆపాలనుకుంటే ముందు మమ్మల్ని అడగండి. ఆపితే, ఎందుకు ఆపారో బిల్లు మీద ఒక ముక్క రాయండి. అవతలి మనిషికి కంప్యూటర్ తెలియదు కదా అని అడక్కుండా నిర్ణయించే హక్కు మీకు లేదు.

2. ఇప్పటికే ఆపి పంపిన కంప్యూటర్లు ఏ పని మీద మీ దగ్గరకి మళ్లీ వచ్చినా, ఆ సర్వీసునీ పాలసీనీ మామూలు స్థితికి తెచ్చి ఇవ్వండి. దానికి వేరే డబ్బు అడగకండి. డిఫెండర్ మినహాయింపులు కూడా అప్పుడే తీసేయండి.

3. ఆపడానికి బదులు, విండోస్‌లో ఉన్న మీటలు వాడండి, మాకూ చూపించండి. యాక్టివ్ అవర్స్ పెడితే పని వేళల్లో దానంతటది రీస్టార్ట్ అవదు. పాజ్ నొక్కితే వారం చొప్పున ఐదు వారాల దాకా ఆపుకోవచ్చు. మా లెక్కల వాళ్లకైతే ఇది చాలా ముఖ్యం. రెండో మంగళవారం ఎప్పుడూ 8 నుంచి 14 లోపే పడుతుంది, నెలవారీ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1కి ఆఖరు తేదీ 11. ఏ నెల్లోనైనా ఆ రెండూ ఢీకొంటే రిటర్ను వేస్తుండగా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుందేమోనని గుండెలు అరచేతిలో పెట్టుకుంటాం. అలాంటి నెల ఒక వారం పాజ్ కొట్టి, 11 దాటాక పెట్టుకుని, 20న పడే పన్ను రిటర్ను జీఎస్టీఆర్-3బీకి ముందే ముగించుకుంటే సరిపోతుంది. ఈ చిన్న సంగతి చెప్పేవారు లేక చాలామంది అకౌంటెంట్లు తామే "అప్‌డేట్లు ఆపేయండి" అని మీకు చెబుతున్నారు.

4. ప్రతి నెలా అప్‌డేట్‌ని ముందు మీ షాపు కంప్యూటర్లో పెట్టి చూడండి. నాలుగైదు రోజులు వాడి, "ఈ నెలది పర్లేదు, పెట్టుకోవచ్చు" అనో "ఇంకో వారం ఆగండి" అనో మీ వాట్సాప్ స్టేటస్‌లో ఒక్క లైను పెట్టండి. పండగ ఆఫర్ల స్టేటస్ పెట్టడం మీకు ఎలాగూ అలవాటే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చే హెచ్చరికలు కూడా చూస్తుండండి. ఇన్ని కోరికల్లో నాకు అన్నిటికన్నా కావాల్సింది ఇదే.

5. పెద్ద అప్‌డేట్ పెట్టే ముందు ఫైళ్లు బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కు ఊడదీసి ఇవ్వండి. గుచ్చి ఉంచిన డిస్కుకి కూడా వైరస్ తాళం వేస్తుంది. యూపీఎస్ బ్యాటరీ పోయి ఉంటే ముఖం మీదే చెప్పండి. అప్‌డేట్ వికటిస్తే దాన్ని తీసేయడం ఎలాగో, పెద్దదైతే పది రోజుల్లోపు వెనక్కి ఎలా వెళ్లొచ్చో ఒకసారి చేసి చూపించండి.

6. అకౌంట్ కస్టమర్ మెయిల్‌తో, కస్టమర్ ఫోన్ నంబరుతోనే చేయండి. రికవరీ కీ కాగితం మీద ప్రింటు తీసి చేతికివ్వండి, బీరువాలో పాస్‌బుక్ పక్కన పెట్టుకుంటాం.

7. విండోస్ 10 కంప్యూటర్ తెచ్చినవాళ్లకి పైన చెప్పిన దారులన్నీ చెప్పండి. ఏది ఎంచుకోవాలో వాళ్లు చూసుకుంటారు.

8. దీనికి డబ్బు తీసుకోండి. ఊరికే చేయమని అడగడం లేదు. ఏసీకి ఎండాకాలం ముందు సర్వీసింగ్ చేయించినట్టే, ఏడాదికి ఇంత అని మాట్లాడుకుని మూడు నెలలకోసారి వచ్చి చూసిపొమ్మంటే చాలా ఇళ్లు ఒప్పుకుంటాయి. పాడయ్యాక ఉచితంగా చేయడం కన్నా పాడవక ముందు డబ్బు తీసుకుని చేయడం మీకే మేలు.

కస్టమర్లకు కూడా ఒక మాట. సెట్టింగ్స్ తెరిచి విండోస్ అప్‌డేట్ పేజీలో ఆఖరుసారి ఎప్పుడు చూసిందో తేదీ చదవండి. అది నెల దాటి ఉన్నా, సంస్థ నిర్వహిస్తోందన్న ఎర్ర లైను ఉన్నా, కంప్యూటర్ తీసుకుని షాపుకి వెళ్లి ఈ లేఖ చూపించండి. గట్టిగా అరవకండి, అడగండి చాలు. షాపులో "మామూలుదే వేసెయ్" అనడం మాత్రం మానండి.

షాపుల వారు ఉగాది లోపు జవాబివ్వాలని కోరుతున్నాను. అప్‌డేట్ల సంగతి బిల్లు మీద రాస్తామని ఒప్పుకున్న షాపుల పేర్లు మా లెక్కల వాళ్లందరికీ, వాళ్ల ద్వారా వ్యాపారులకీ చెబుతాం. ఒప్పుకోలేమంటే ఎందుకో రాయండి. మీరు చెప్పిన కారణం సబబుగా ఉంటే ఈ కోరికల్లో దాన్ని మార్చి రాస్తాను. ఆ తర్వాత కూడా జవాబు రాకపోతే, అప్‌డేట్లు ఆపేసిన కంప్యూటర్ల తెరల ఫోటోలు, బిల్లు కాపీలు జతచేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం.

ఇట్లు,
ఇంటి దగ్గర లెక్కలు రాసుకునే ఒక అకౌంటెంటు,
అమలాపురం